మంచి పొగపొయ్యిని ఎన్నుకొనుట ఎట్లు?

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. పొగ దట్టముగా వచ్చుచున్నదనిన నిప్పు సరిగా మండుట లేదని విజ్ఞానశాస్త్రము దానికి మరొక మాట చేర్చుచున్నది. కట్టెలతో వంటచేయు ప్రతివారికిని ఈ రెండవమాట ఉపయోగించునదే. పొగనే వంటదినుసుగా వాడుకొనువారికి ఇది మరింత ముఖ్యము.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మాంసమును కట్టెల పొగలో గంటల తరబడి నెమ్మదిగా ఉడికించు ఆచారము కలదు. ఈ వంటను 'బార్బెక్యూ' అందురు. ఇంటి పెరటిలో దీనికై వాడు ఇనుపపొయ్యికి 'ఆఫ్‌సెట్ స్మోకర్' అని పేరు. అనగా నిప్పు ఆహారమునకు అడుగున గాక ఒక ప్రక్కకు జరిగియున్న పొగపొయ్యి. డాలస్, హూస్టన్, ఆస్టిన్ నగర ప్రాంతములలో నేడు నివసించుచున్న తెలుగు కుటుంబములవారికి ఇది పొరుగిండ్ల పెరడులలో కనిపించు వస్తువే.

అంగడిలో ఈ పొయ్యిలు చౌకవియు, మిక్కిలి ఖరీదైనవియు దొరకును. చూచుటకు అన్నియు ఇంచుమించు ఒకే తీరున నుండును. కాని ఒక పొయ్యిలో వండిన మాంసము కమ్మని వాసనతో నుండగా, మరియొక దానిలో వండినది చేదెక్కి మసిపట్టియుండును. కట్టె ఒకటే, మాంసమొకటే, వండినవారు కూడ ఒకరే కావచ్చును. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినది? పొయ్యిలో గాలి నడచు తీరునుబట్టియు, కట్టె కాలు తీరునుబట్టియు వచ్చినది. కావున పొయ్యిని ఎన్నుకొనువారు పైరంగును, మెరుగును చూచుటకంటె ముందు లోపల జరుగు పనిని తెలిసికొనవలెను.

పొయ్యి నిర్మాణము

ఈ పొయ్యికి మూడు ముఖ్యభాగములు కలవు. ఒక కొసన కట్టెలు మండు నిప్పుపేటిక. దాని ప్రక్కన, కొంచెము ఎత్తున, మాంసమును ఉంచు పొడవైన వంటపేటిక. రెండవ కొసన పొగగొట్టము. నిప్పుపేటికలో పుట్టిన వేడివాయువులు ఒక సందుగుండా వంటపేటికలో ప్రవేశించి, ఊచల చట్రముపై నున్న మాంసమును తాకుచు సాగి, గొట్టముద్వారా వెలికి పోవును. మాంసమునకు వేడి ముఖ్యముగా ఈ ప్రవాహమువలన, అనగా సంవహనమువలన చేరును. మంట నేరుగా తగలదు.

టెక్సాస్ మధ్యభాగమున 19వ శతాబ్దిలో స్థిరపడిన జర్మను, చెక్ జాతులవారు నడపిన మాంసపు అంగళ్లలో అమ్ముడుపోని మాంసమును చెడిపోకుండ పొగపెట్టెడివారు. ఆ అంగళ్లనుండియే నేటి వంటశాలలు కొన్ని పుట్టినవి. లాక్‌హార్ట్ పట్టణమున 1900లో నెలకొన్న క్రూజ్ మార్కెట్ అట్టివానిలో నొకటి. 1999లో టెక్సాస్ శాసనసభ ఆ పట్టణమును రాష్ట్రపు బార్బెక్యూ రాజధానిగా పేర్కొన్నది. ఇటుకలతో కట్టిన అచ్చటి పొయ్యిలలో కూడ నిప్పు ఒక కొసన, గొట్టము రెండవ కొసన ఉండును. తరువాతి కాలమున వెల్డింగు పనివారు నూనెబావుల మందపాటి గొట్టములను, పాత ప్రొపేన్ వాయువు టాంకులను కోసి, అదే పద్ధతిలో ఇనుపపొయ్యిలను తయారుచేసిరి.

ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1950 దశకపు ఆరంభమున హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్. పి. రాజు రూపొందించిన పొగలేని పొయ్యిలో కూడ నిప్పు ఒక కొసన మండును. వేడివాయువులు కుండల అడుగులను తాకుచు అడ్డముగా సాగును. పొగగొట్టము వానిని ఇంటి వెలుపలికి చేర్చును. గృహిణి కన్నులను, ఊపిరితిత్తులను పొగనుండి కాపాడుట ఆ పొయ్యి ఉద్దేశము. పొగపొయ్యి ఉద్దేశము వేరు. కాని రెండింటిని నడపునది ఒకే భౌతికసూత్రము.

కట్టె కాలు విధము

కట్టెలో సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్ అను మూడు ముఖ్యపదార్థములు కలవు. కట్టెను నిప్పుపై వేయగానే మొదట దానిలోని తేమ ఆవిరియగును. వేడి 200 సెంటిగ్రేడు డిగ్రీలు దాటి ఇంకను హెచ్చినకొలది ఈ పదార్థములు విచ్ఛిన్నమై, మండు స్వభావముగల వాయువులను విడుచును. మనము మంట అని పిలుచునది ఈ వాయువులు మండుటయే. వాయువులన్నియు వెడలిపోయిన పిమ్మట మిగిలిన బొగ్గు ఎఱ్ఱగా కనలును.

ఆమ్లజని సమృద్ధిగా దొరకి, వేడి చాలినంత యున్నచో ఈ వాయువులు దాదాపు పూర్తిగా కాలి, బొగ్గుపులుసు వాయువుగను నీటియావిరిగను మారును. లేనిచో అవి కాలకయే చల్లబడి, తారువంటి సన్నని బిందువులుగా గడ్డకట్టును. తెల్లని దట్టమైన పొగయనిన ఇదియే. అది కాలకపోయిన వంటచెఱకు తప్ప మరొకటి కాదు.

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. కొవ్వొత్తిని కొంతసేపు మండనిచ్చి ఆర్పినచో వత్తినుండి తెల్లని పొగ తీగవలె పైకి లేచును. వెలుగుచున్న అగ్గిపుల్లను వత్తికి తాకనీయక, ఆ పొగతీగకు మాత్రము తాకించినచో మంట పొగవెంట క్రిందికి దిగి వత్తిని తిరిగి వెలిగించును. మైకేల్ ఫారడే కొవ్వొత్తినిగూర్చి చేసిన ప్రసంగములలో ఈ ప్రయోగమును చూపెను.

నీలిపొగ, తెల్లపొగ

అట్లయినచో పొగయే రాకుండ మండించిన మేలు కదాయని అడుగవచ్చును. కట్టెనిప్పు ఎంత బాగుగా మండినను కొన్ని పదార్థములు సూక్ష్మముగా మిగులును. లిగ్నిన్ విచ్ఛిన్నమగుటవలన పుట్టు గ్వాయకాల్, సిరింగాల్ అనునవి అందు ముఖ్యమైనవి. పొగపెట్టిన ఆహారమునకు ప్రత్యేకమైన రుచి, వాసన వీనివలననే కలుగును. వంటకు కావలసినది ఈ స్వల్పభాగమే.

మంచి పొగను గుర్తించుటకు దాని రంగే సాధనము. పొగలోని కణములు కాంతి తరంగదైర్ఘ్యముకంటె మిక్కిలి చిన్నవైనచో అవి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును. ఆకాశము నీలముగా కనిపించుటకు కూడ ఇట్టిదే కారణము. దీనిని లార్డ్ రాలే వివరించెను. కణములు పెద్దవైనచో అన్ని రంగులను సమముగా చెదరగొట్టును. అప్పుడు పొగ మేఘమువలె తెల్లగా కనిపించును. మసి అధికమైనచో అది కాంతిని పీల్చుకొని నల్లబడును. కావున గొట్టమునుండి పలుచని నీలిపొగ, కనిపించీ కనిపించనట్లు వచ్చుచున్నచో నిప్పు సరిగా మండుచున్నదని గ్రహించవలెను. తెల్లపొగ విడువక వచ్చుచున్నచో మాంసముపై తారు పేరుకొనుచున్నదన్నమాట. అదియే చేదు.

కట్టెను ఎన్నుకొనుట కూడ ఇందులో భాగమే. టెక్సాస్ మధ్యభాగమున 'పోస్ట్ ఓక్' అను ఒక జాతి సింధూరవృక్షపు కట్టెను వాడుదురు. పశ్చిమభాగమున 'మెస్కీట్' చెట్టు ప్రసిద్ధము. మన బీళ్లలోను, చెఱువుగట్లపైనను పెరుగు సర్కారుతుమ్మకు ఇది దగ్గరి చుట్టము. మెస్కీట్ వేడిగా మండును. దాని పొగ ఘాటైనది. ఏ కట్టెయైనను దాని తేమ 20 శాతము ప్రాంతమునకు దిగువరకు ఆరనీయవలెను. ఒక గ్రాము నీటిని ఆవిరిగా మార్చుటకు సుమారు 540 కెలోరీల గుప్తోష్ణము వ్యయమగును. పచ్చికట్టెలో ఈ వ్యయము అధికమై, మంట చల్లబడి, వాయువులు కాలకయే పోవును. జిగురు స్రవించు దేవదారు జాతుల కట్టెలను, రంగు వేసిన పాతచెక్కలను, ప్లైవుడ్డును ఎన్నడును వాడరాదు.

గాలి ఈడ్పు

నిప్పునకు కావలసిన గాలిని విసనకఱ్ఱ లేకుండ తెచ్చునది పొగగొట్టము. గొట్టములోని వాయువు వేడిచే వ్యాకోచించి తేలికయగును. బయటి గాలి 30 డిగ్రీల యొద్ద ఘనమీటరునకు సుమారు 1.16 కిలోగ్రాములు తూగగా, 120 డిగ్రీల యొద్ద గొట్టములోని గాలి సుమారు 0.90 కిలోగ్రాము తూగును. ఈ బరువుల తేడావలన లోపలి గాలి పైకి లేచును. దాని చోటున నిప్పుపేటిక ద్వారమునుండి క్రొత్తగాలి చొరబడును.

ఈ బలము ఎంత? గొట్టము ఒక మీటరు ఎత్తున్నచో కలుగు పీడనభేదము సుమారు పావు మిల్లీమీటరు నీటిమట్టము మాత్రమే యుండును. ఇంత స్వల్పబలముపై ఆధారపడు పొయ్యిలో ప్రతి యిరుకుసందును గాలికి ఆటంకమే. కావున గొట్టము పొట్టిగను సన్నముగను ఉన్న పొయ్యి, ద్వారము చిన్నదైన పొయ్యి, రెండు పేటికల నడుమ సందు ఇరుకైన పొయ్యి కొనదగినవి కావు. గాలి చాలక వానిలో కట్టె రాజుకొనక పొగయుచునే యుండును.

నిప్పుపేటిక పరిమాణము కూడ చూడవలెను. వంటపేటిక ఘనపరిమాణములో అది మూడవవంతు ప్రాంతమున నుండవలెనని పనివారి లెక్క. నిప్పుపేటిక పెద్దదైనంత మాత్రమున దానినిండ కట్టెలు పేర్చవలెనని అర్థము కాదు. చిన్నమంట చుట్టును గాలి ధారాళముగా ఆడుటకే ఆ చోటు. కట్టెలను అడుగుతలమునుండి ఎత్తుగా నిలుపు ఊచల చట్రము అందు తప్పక ఉండవలెను. అప్పుడే క్రిందినుండి గాలి అందును, బూడిద జారిపోవును. అధికముగా కట్టెలు వేసి గాలిని బిగించి వేడిని అదుపుచేయుట చెడ్డపద్ధతి. అది తెల్లపొగకు రాజమార్గము. గాలిని విడిచి, కట్టెలను కొలదికొలదిగా వేయుచు వేడిని అదుపుచేయుట మంచిపద్ధతి. ఈ రెండవ పద్ధతికి అవకాశమిచ్చునదియే మంచి పొయ్యి.

రేకు మందము

అంగడిలో మొదట చెప్పబడునది రేకు మందము. చౌకపొయ్యిల రేకు 2 మిల్లీమీటర్లకు అటునిటుగను, మేలైనవానిది 6 మిల్లీమీటర్లకు పైగను ఉండును. మందపు రేకు వేడిని బయటికి పోనీయదని పలువురు తలతురు. ఇది సరికాదు. ఉక్కు మంచి ఉష్ణవాహకము. 6 మిల్లీమీటర్ల ఉక్కు వేడికి కలిగించు ఆటంకము, దాని వెలుపలితలమును అంటియున్న గాలిపొర కలిగించు ఆటంకములో వేయవవంతు ప్రాంతమున మాత్రమే యుండును. కావున మందపు రేకునుండియు, పలుచని రేకునుండియు వేడి ఇంచుమించు ఒకే రీతిగా నష్టమగును. ఈ నష్టమును తగ్గించుటకు రెండు గోడల నడుమ ఉష్ణబంధక పదార్థమును కూర్చవలసియుండును. కొన్ని ఖరీదైన పొయ్యిలలో నిప్పుపేటికను అట్లు నిర్మింతురు.

మరి మందమువలన ప్రయోజనమేమి? అది వేడిని నిలువచేయును. 6 మిల్లీమీటర్ల ఉక్కురేకు చదరపు మీటరునకు సుమారు 47 కిలోగ్రాములు, 2 మిల్లీమీటర్ల రేకు సుమారు 16 కిలోగ్రాములు తూగును. 30 డిగ్రీలనుండి 120 డిగ్రీలకు కాచుటకు మొదటిదానికి 500 కిలోకెలోరీల దాకను, రెండవదానికి అందులో మూడవవంతును కావలెను. నిలువ అధికమైనందున క్రొత్తకట్టె వేసినప్పుడును, తలుపు తెఱచినప్పుడును, గాలి విసరినప్పుడును మందపు పొయ్యిలో వేడి వెంటనే ఎగుడుదిగుడు కాదు. పలుచని పొయ్యిలో ప్రతి కట్టెకును వేడి ఎగయును, పడిపోవును. వేడి పడిపోయినప్పుడు వండువారు తొందరపడి కట్టెలు గ్రుక్కుదురు, తెల్లపొగ పుట్టును. మందపు రేకునకు వేడెక్కుటకు అధికకాలమును, కట్టెయు పట్టుననునది దాని లోపము. అప్పుడప్పుడు ఒక కోడిని వండుకొను కుటుంబమునకు పలుచని పొయ్యి చాలవచ్చును. పది పండ్రెండు గంటలు సాగు వంటకు మందపుదే తగినది.

పది గంటలెందుకు?

టెక్సాస్ పొగపొయ్యికి గట్టిపరీక్ష పశువు రొమ్ముభాగపు మాంసము. నడకలో దేహభారమును మోయు భాగమగుటచే ఇందు కొల్లాజెన్ అను గట్టి మాంసకృత్తు అధికము. కొల్లాజెన్ మూడు పేటల త్రాడువలె పెనవేసికొని యుండునని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. మాంసము 70 డిగ్రీలు దాటిన పిమ్మట ఆ పేటలు నెమ్మదిగా విడిపోయి, జిలాటిన్‌గా కరగి, మాంసమును మెత్తపరచును. దీనికి మిక్కిలి హెచ్చు వేడికంటె చాలినంత కాలము ముఖ్యము. అందుచేతనే వంటపేటికను 110 మొదలు 135 డిగ్రీల నడుమ నిలుపుదురు.

ఈ వంటలో ఒక వింత కనిపించును. మాంసము లోపలి ఉష్ణోగ్రత 65 నుండి 75 డిగ్రీల నడుమ ఎక్కడో ఆగి, గంటల తరబడి కదలక నిలిచిపోవును. క్రొత్తవారు పొయ్యి చెడినదని భ్రమపడి మంటను హెచ్చింతురు. నిజమునకు మాంసపు తడి ఆవిరియగుచు, వచ్చిన వేడినంతయు గుప్తోష్ణముగా తీసికొనిపోవుచుండును. వేసవిలో మట్టికుండ నీటిని చల్లబరచునదియు ఈ బాష్పీభవనమే. ఉపరితలము ఆరినకొలది ఉష్ణోగ్రత మరల పైకి సాగును. ఇన్ని గంటలు ఒకే వేడిని నిలుపవలసి యుండుటచేతనే పొయ్యి నాణ్యము ఇక్కడ బయటపడును.

కొనునప్పుడు చేయదగిన పరీక్షలు

మొదటిది అతుకుల పరీక్ష. పేటికల అతుకులు ఎడతెగని వెల్డింగుతో నుండవలెను. మరలతో మాత్రమే బిగించినచో సందులు మిగులును. చీకటిలో పొయ్యి లోపల విద్యుద్దీపమునుంచి తలుపులు మూసి చూచినచో సందులన్నియు వెలుగుగీతలుగా కనిపించును. ఆ సందులగుండా గాలి దొంగచాటుగా చొరబడి నిప్పును అదుపుతప్పించును.

రెండవది వేడి పంపకపు పరీక్ష. నిప్పువైపు కొస ఎల్లప్పుడును హెచ్చు వేడిగా నుండును. ఈ తేడాను తగ్గించుటకు కొన్ని పొయ్యిలలో సందువద్ద అడ్డుపలక నమర్తురు. పొయ్యిని వేడిచేసి, ఊచలపై రొట్టెముక్కలను వరుసగా పఱచి కొంతసేపైన పిమ్మట తీసిచూచినచో, ఏ ముక్క ఎంత వేగినదో దానినిబట్టి పొయ్యి లోపలి వేడికి ఒక పటము తయారగును.

మూడవది ఉష్ణమాపకపు పరీక్ష. తలుపు పైభాగమున బిగించిన ఉష్ణమాపకము అచ్చటి గాలి వేడిని చూపునే గాని మాంసమున్న ఊచలయొద్ద వేడిని చూపదు. వేడిగాలి పైకి చేరుటచే ఈ రెండింటికిని తేడా యుండును. ఊచల మట్టమున మరియొక ఉష్ణమాపకము నమర్చుకొనవలెను. మరుగునీటిలో ముంచి దానిని సరిచూడవలెను. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీలయొద్ద మరుగును. ప్రతి 300 మీటర్ల ఎత్తునకు సుమారు ఒక డిగ్రీ తగ్గును.

నాలుగవది లోహపు పరీక్ష. తుత్తునాగపు పూతగల రేకును నిప్పు సోకుచోట వాడరాదు. ఆ పూత మిక్కిలి వేడికి ఆవిరియై విడుచు ధూమము జ్వరమును కలిగించును. రసాయనములు నిలువచేసిన పాతపీపాలతో చేసిన పొయ్యి ఎంత చౌకయైనను కొనరాదు. క్రొత్తపొయ్యిలో మొదటిసారి ఆహారమేమియు నుంచక, లోపల నూనె పూసి, కొన్ని గంటలు మండించవలెను.

ఆరోగ్యము, భద్రత

చెడ్డపొగ రుచిని మాత్రమే చెఱచదు. కట్టె అసంపూర్తిగా కాలినప్పుడును, క్రొవ్వు నిప్పుపై కారి మాడినప్పుడును బెంజోపైరీన్ వంటి పదార్థములు పుట్టును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు కేన్సరు కలిగించువాని వర్గమున చేర్చినది. నిప్పు ప్రక్కకు జరిగియుండుటచే ఈ పొయ్యిలో క్రొవ్వు మంటపై పడదు. ఇది ఒక మేలు. శుభ్రముగా మండు నిప్పు రెండవ మేలు. అయినను పొగపెట్టిన మాంసము నిత్యాహారముగా తగదు.

కార్బన్ మోనాక్సైడు అనునది రంగు, వాసన లేని విషవాయువు. రక్తములోని హెమోగ్లోబిన్ దీనిని ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. కావున పొగపొయ్యిని బయలున మాత్రమే వాడవలెను. గదిలోను, మోటారు షెడ్డులోను, మూసిన వరండాలోను ఎన్నడును మండింపరాదు. వింతయేమనగా, పొగపెట్టిన మాంసపు అంచున కనిపించు గులాబిరంగు వలయమునకు కూడ ఈ వాయువును, నైట్రిక్ ఆక్సైడును కారణములు. ఇవి మాంసములోని మయోగ్లోబిన్‌తో కూడి దాని ఎఱుపును నిలుపును. ఈ మయోగ్లోబిన్ నిర్మాణమును కనుగొన్నందుకే జాన్ కెండ్రూ 1962లో నోబెల్ బహుమానము నందుకొనెను. ఆ రంగు రుచికిగాని, మాంసము ఉడికినదనుటకుగాని గుర్తు కాదు. అందుకు ఉష్ణమాపకమే ప్రమాణము. కోడిమాంసము లోపల 74 డిగ్రీలకు తప్పక చేరవలెను. వండిన మాంసమును 60 డిగ్రీలకు దిగువన గంటల తరబడి ఉంచినచో సూక్ష్మజీవులు పెరుగును.

పొయ్యికి ధర చెల్లించుటకు ముందు కొనువారు దానిని ఒకసారి మండింపజేసి, ఆరిన కట్టె రెండు ముక్కలు వేసి, గొట్టము కొసన చూడవలెను. కట్టె అంటుకొన్న పిమ్మట కొద్ది నిమిషములకే తెల్లపొగ తగ్గి పలుచని నీలిపొగ నిలిచినచో, ఆ పొయ్యిలో గాలి చక్కగా నడచుచున్నది. ఎంతసేపటికిని తెల్లపొగ విడువనిచో, దాని రంగు ఎంత నిగనిగలాడినను దానిని అంగడిలోనే విడిచిపెట్టుట మేలు.